ఖర్డా దాకా రాని స్నేహితుడు

కోటలు, కౌలునామాలు – ధారావాహిక, 7వ భాగం

గత వారం కథ 1792 మార్చిలో, శ్రీరంగపట్నం గోడల కింద ఆగింది. టిపూ సుల్తాన్ సగం రాజ్యం వదులుకుని, ఇద్దరు కొడుకులను జామీనుగా పంపి సంధి చేసుకున్నాడు. ఇంగ్లీషు కంపెనీ, పూనా పేష్వా, హైదరాబాద్ నిజాం ముగ్గురూ ఆ సగాన్ని పంచుకున్నారు. కడప సీమ నిజాం అలీ ఖాన్ వాటాకు వచ్చింది. కలిసి గెలిచినవాళ్ల మధ్యే పంపకం అయ్యాక పేచీ రావడం కొత్తేమీ కాదు. మూడేళ్లు నిండేసరికి పేష్వా, నిజాం ఖర్డా దగ్గర ఒకరి మీద ఒకరు కత్తి దూశారు. మూడోవాడు గట్టున నిలబడి చూశాడు. ఈ భాగం ఆ మూడోవాడి గురించి.

ఖర్డాకు బయల్దేరే ముందు మాత్రం ఒకసారి జగిత్యాల కోట చుట్టూ తిరిగి రావాలి. నిజాం రాజ్యంలో రక్షణ అనే పని ఎవరి చేతుల మీదుగా నడిచేదో ఆ గోడలు చెప్పినంత సూటిగా ఏ సంధిపత్రమూ చెప్పదు.

ఎల్గందల్ గుట్ట ఎక్కి వచ్చినవాళ్లకు జగిత్యాల కోట మొదటిచూపుకు కోటలాగే అనిపించదు. ఎల్గందల్ పాత పద్ధతి: గుట్ట, గుట్ట మీద గోడ, కింద మానేరు. సిరిసిల్ల పక్కనుంచి దిగి వచ్చే ఆ మానేరే సగం కాపలా కాసేది. వచ్చే శత్రువు ఎక్కి రావాలి, పైనున్నవాడు బండలు దొర్లించినా చాలు. జగిత్యాలకు ఆ సదుపాయం లేదు. చదును నేల. అందుకే కోటను నక్షత్రం ఆకారంలో కట్టి, చుట్టూ కందకం తవ్వారు. ఆ ఆకారం సోకు కోసం పెట్టింది కాదు. ఫిరంగులు వచ్చాక నిట్టనిలువుగా లేచిన ఎత్తు గోడ గుండుకు తేలికైన గురిగా మారింది. గుండ్రటి బురుజుకు ఇంకో లోపం ఉంది: సరిగ్గా దాని ముందు కొంత జాగా పైనున్న కాపలావాడి కంట పడదు. అక్కడికి చేరిన శత్రువు నింపాదిగా గోడకు గునపం వేసుకోవచ్చు. బురుజు కోణంగా ముందుకు పొడుచుకొస్తే ఆ జాగాను పక్క బురుజు మీది తుపాకి కాస్తుంది. అలా ఒకదాన్ని ఒకటి కాస్తూ చుట్టూ తిరిగి వచ్చేసరికి కోట నక్షత్రమవుతుంది. ఇటలీలో మొదలై, 17వ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీరు వోబాన్ చేతిలో పదునెక్కిన లెక్క ఇది. అది గోదావరికి ఇవతల, వరి మళ్ల మధ్యకు ఎలా వచ్చింది?

ఎల్గందల్ పాలకుడు ఇబ్రహీం ఖాన్ ధంసా 1747లో ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లను పెట్టి ఈ కోట కట్టించాడని స్థానిక చరిత్రలు చెబుతాయి. వాళ్ల పేర్లు జాక్, తాల్ అనీ, ఊరికి ఆ పేర్లే వచ్చాయనీ జగిత్యాలలో ఎవరిని అడిగినా చెబుతారు. పేరు కథను నేను పెద్దగా నమ్మను. తేదీ మాత్రం ఆలోచింపజేస్తుంది. 1747 నాటికి మొదటి నిజాం ఆసఫ్ జా ఇంకా బతికే ఉన్నాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ దక్కన్‌కు వచ్చింది 1751లో. అంతకు నాలుగేళ్ల ముందే ఒక సర్కారు పాలకుడికి ఫ్రెంచివాళ్లతో ఏం పని పడింది?

జవాబు మద్రాసు పక్కన, అడయారు ఒడ్డున ఉందని నా అంచనా. అప్పుడు ఐరోపాలో ఆస్ట్రియా గద్దె కోసం యుద్ధం నడుస్తోంది. దాని సెగ కోరమండల్ తీరానికి తగిలి, 1746లో ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్ల నుంచి మద్రాసు లాక్కున్నారు. తనకిస్తామన్న మద్రాసు ఇవ్వలేదని ఆర్కాటు నవాబు తన కొడుకు మహఫూజ్ ఖాన్‌ను పదివేల మందితో పంపాడు. ఆ అక్టోబరు 24న పారడీ అనే స్విస్ ఇంజనీరు, ఫ్రెంచి కొలువులో ఉన్నవాడు, వెయ్యికి మించని బలగంతో ఏరు దాటి వచ్చి ఆ పదివేలనూ చెదరగొట్టాడు. అంతదాకా దక్కన్‌లో బలమంటే గుర్రాల లెక్క. వరుస తప్పకుండా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు తుపాకి పేల్చే కాలిబంటుల ముందు గుర్రాల లెక్క పనికిరాదని ఆ రోజు తేలింది. ఆ కబురు ప్రతి దర్బారుకూ చేరింది. మరుసటి ఏడాదే జగిత్యాలలో నక్షత్రం కోటకు పునాది పడిందంటే ధంసా కబురు సరిగ్గా విన్నవాడన్న మాట.

ఇక్కడే ఒక సంగతి మింగుడుపడదు. జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్ వైపు పోతే కమ్మర్‌పల్లి ప్రాంతంలో కోనసముద్రం అనే ఊరుంది. దమస్కస్ కత్తులని లోకమంతా చెప్పుకున్న కత్తులకు ఉక్కు అందించిన ఊళ్లలో అదొకటి. 1820 ప్రాంతంలో సర్వే పని మీద తిరిగిన హెన్రీ వాయిసీ అనే వైద్యుడు అక్కడి పని చూసి రాసిపెట్టాడు. ఆయన భూగర్భ పరిశోధకుడు కూడా. రెండు రకాల ఇనుమును తగిన పాళ్లలో కలిపి, మట్టి మూసల్లో పెట్టి, పైన మట్టితోనే మూత పూసి, కొలిమిలో గంటల తరబడి తిత్తులు ఊది కాచేవారు. అందులో ఒక ఇనుము వచ్చే ఊరు పేరు మిర్త్‌పల్లి అని ఆయన రాశాడు. అది మన మెట్‌పల్లే అనుకోవాలి. పర్షియా వర్తకులు ఇస్ఫహాన్ నుంచి వచ్చి, ఊళ్లోనే మకాం వేసి, నాణ్యం చూసుకుని ఉక్కు ముద్దలు కొనుక్కుపోయేవారు.

అంటే కత్తికి కావాల్సిన ఉక్కు కోరుట్ల పొరుగునే ఉంది. రాయి కొట్టే వడ్డెరలు, సున్నం పనివాళ్లు ఊరూరా ఉన్నారు. నిర్మల్‌లో ఫిరంగులు పోసేవారు. గుడారాలకు, సిపాయిల బట్టలకు నూలు నేసే సాలెలు మానేరు పొడుగునా ఉన్నారు. లేనివి రెండే. ఈ సరంజామానంతా యుద్ధానికి పనికొచ్చేలా కూర్చే తర్ఫీదు ఒకటి. తర్ఫీదు పొందినవాడికి నెల తిరగ్గానే జీతం చేతిలో పెట్టే ఖజానా రెండోది. నిజాం రాజ్యం ఆ మొదటిదాన్ని పైవాళ్ల దగ్గర కొనుక్కుంది. రెండోదాన్ని ఎప్పటికీ సమకూర్చుకోలేకపోయింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. సొంత మనిషి కట్టిన కోటను నిజాం ఎంతవరకు నమ్మవచ్చు? ధంసా బతికున్నంత కాలం నిజాం అలీకి కుడిభుజంగా పోరాడాడు. ఆయన పోయాక 1780ల మొదట్లో కొడుకు ఎహతెషాం జంగ్ నిర్మల్‌లో ఎదురు తిరిగాడు. నిజాం స్వయంగా సైన్యం తీసుకుని వెళ్లి తన జాగీర్దారు మీదే యుద్ధం చేయాల్సి వచ్చింది. మరాఠాలను ఆపడానికి కట్టుకున్న కోటలు మొదట నిజాంకే ఎదురు నిలిచాయి. ఆ తర్వాత నిజాం అలీ సొంత అమీర్ల బలగాల కన్నా కిరాయి విదేశీ అధికారులనే ఎక్కువగా దగ్గరికి తీశాడంటే తప్పుపట్టలేం. విదేశీ అధికారికి ఇక్కడ వంశం లేదు, గద్దె మీద హక్కు అడగడు. జీతం ఇస్తే చాలు. అప్పట్లో అలాగే అనిపించి ఉంటుంది.

పాత భాగాలు చదవనివారి కోసం నడిమి కథ నాలుగు ముక్కల్లో. 1751లో మొదటి నిజాం కొడుకు సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించింది బుస్సీ. 1753లో బుస్సీ సేన ఖర్చు కింద కోస్తా సర్కార్లు ఫ్రెంచివాళ్ల చేతికి పోయాయి. 1758లో ఫ్రెంచి సేనాని లాలీ పిలిచాడని బుస్సీ దక్కన్ వదిలి వెళ్లాడు. ఆ డిసెంబరులోనే చందుర్తి దగ్గర, తర్వాత మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు గెలవగానే సలాబత్ జంగ్ వాళ్ల వైపు తిరిగాడు. నిజాం అలీ 1766లో అదే సర్కార్లను కంపెనీకి రాసిచ్చాడు. బదులుగా కావాల్సినప్పుడు సేన పంపుతామని మాట తీసుకున్నాడు. ఆ "కావాల్సినప్పుడు" అంటే ఎప్పుడో, కావాలని ఎవరు తేల్చాలో రాసుకోలేదు. ఖర్డాలో బయటపడింది ఆ ఖాళీయే.

పేచీ చౌత్, అంటే మరాఠాలకు కట్టాల్సిన నాలుగో వంతు శిస్తు, బకాయిల మీద మొదలైంది. నిజాం తమకు ఏళ్ల తరబడి బాకీ ఉన్నాడని పూనాలో పేష్వా మంత్రి నానా ఫడ్నవీస్ లెక్క తీశాడు. మొత్తం కోట్లలో తేలింది. హైదరాబాద్ ప్రధాని ముషీర్-ఉల్-ముల్క్ ఆ లెక్కను ఒప్పుకోలేదు. మాటలతో తెగదని తెలిశాక నిజాం కంపెనీ వైపు చూశాడు. చూడటానికి కారణాలు ఉన్నాయి. టిపూ మీద యుద్ధానికి కలిసి వెళ్లాడు. 1788లో గుంటూరు సీమ కూడా వదిలేశాడు. కంపెనీ పటాలాలు రెండింటిని తన ఖర్చుతో పోషిస్తున్నాడు. అవి హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

కలకత్తాలో అప్పటి గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్. జమాఖర్చులు చూసే ఉద్యోగం నుంచి ఎదిగిన మనిషి, పత్రాలు అక్షరం అక్షరం చదివేవాడు. 1790 ఒప్పందం టిపూ నుంచి కాపాడుకోవడానికే గానీ, ముగ్గురిలో ఒకడు ఇంకొకడి మీదకు వెళితే ఏం చేయాలో అందులో లేదని తేల్చాడు. 1784 చట్టం ప్రకారం పార్లమెంటు దేశీయ యుద్ధాల్లో తలదూర్చవద్దంది. మరాఠాలతో తలపడితే ఖజానా తట్టుకోదు. ఆ సందు చూసి టిపూ లేస్తాడు. కాబట్టి కంపెనీ తటస్థం. నిజాం జీతమిస్తున్న ఆ రెండు పటాలాలు కూడా మరాఠాల మీదకు కదలవు.

ఇందులో ప్రతి మాటా చట్టం ప్రకారం సరైనదే. షోర్‌ను పిరికివాడని తిట్టిన ఇంగ్లీషు చరిత్రకారులు చాలామందే ఉన్నారు. నాకైతే ఆయన అబద్ధమాడినట్టు కనిపించదు. కంపెనీ తన శత్రువు ఎవరో తేల్చుకుంది. నిజాం శత్రువు దానికి శత్రువు కాదు. అంతకుముందు ఇరవై తొమ్మిదేళ్లలో నిజాం ఈ తేడాను ఒక్కసారి కూడా గట్టిగా అడిగి రాయించుకోలేదు.

1795 మార్చి 11. ఇప్పటి మహారాష్ట్రలో అహల్యానగర్ జిల్లా జామ్‌ఖేడ్ పక్కన ఖర్డా. బీదరు నుంచి కదిలిన నిజాం సేన కనుమ దిగి వస్తుండగా మరాఠాలు తగిలారు. నిజాం వైపు నికరమైన బలం రేమండ్ అనే ఫ్రెంచివాడు తర్ఫీదు ఇచ్చిన కాలిబంటు పటాలాలది. అవతల మరాఠా సేనలకు పెద్ద పరశురాంభావు పట్వర్ధన్. ఆ సేనల్లో మరాఠా సర్దారు సింధియా పంపిన పటాలాలు ఉన్నాయి. వాటిని నడిపింది పెరాన్. అతనూ ఫ్రెంచివాడే! నిజాం కొలువులో బాయిడ్ అనే అమెరికన్, ఫింగ్లాస్ అనే ఐరిష్ వాడు కూడా పటాలాలు నడిపేవారు. ఐరోపాలో ఫ్రాన్స్ విప్లవం తర్వాతి యుద్ధాలతో అట్టుడుకుతున్న కాలమది. ఇక్కడ దక్కన్ మైదానంలో ఫ్రెంచి ఆజ్ఞలకు ఇద్దరు దేశీయ రాజుల సిపాయిలు ఎదురెదురు నిలబడ్డారు. చచ్చింది మాత్రం మన పల్లెల నుంచి, మరాఠ్వాడా నుంచి వెళ్లినవాళ్లు.

పగలు రేమండ్ పటాలాలు నిలదొక్కుకున్నాయి. అశ్వదళం చెదిరింది. నిజాం వెంట జనానా కూడా వచ్చింది. బేగం భయపడి వెనక్కి పోదామని పట్టుబట్టిందనీ, నిజాం కాదనలేకపోయాడనీ చరిత్రలు రాశాయి. ఓటమికి ఆడవాళ్ల మీద నెపం వేయడం ఆస్థాన చరిత్రకారులకు అలవాటే కాబట్టి అందులో ఎంత నమ్మాలో చదివేవారే తేల్చుకోవాలి. ఫలితం మాత్రం ఒకటే. రాత్రి పడ్డాక వెనక్కి రమ్మని రేమండ్‌కు ఆజ్ఞ వెళ్లింది. చీకట్లో గందరగోళంగా సేన చెల్లాచెదురైంది. ఫిరంగులు, సామాను వదిలేసి నిజాం ఖర్డా చిన్నకోటలో తలదాచుకున్నాడు. మరాఠాలు చుట్టుముట్టారు.

సంధి షరతులు గట్టివి. దౌలతాబాద్ కోట ఇవ్వాలి. ఏటా 35 లక్షల ఆదాయం వచ్చే భూమి ఇవ్వాలి. బకాయిల కింద 3 కోట్ల రూపాయలు కట్టాలి. అన్నిటికన్నా అవమానం, ప్రధాని ముషీర్-ఉల్-ముల్క్‌ను బందీగా పూనాకు అప్పగించాలి. నిజాం అన్నిటికీ తలూపాడు.

ఈ కథ ఇప్పుడెందుకు అనేవారికి ఐరోపా వైపు చూడమంటాను. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి వెళ్లాక ఆ ఖండంలో తిరుగుతున్న ప్రశ్న నిజాం ప్రశ్నే: మన గుమ్మం ముందు యుద్ధం వస్తే దూరాన ఉన్న పెద్ద స్నేహితుడు వస్తాడా? 1949లో పుట్టిన నాటో ఒప్పందంలో ఒకరి మీద దాడి అందరి మీద దాడి అనే షరతు ఉంది. అయితే ఆ షరతు కింద ప్రతి దేశం ఏం చేయాలో ఆ దేశమే తేల్చుకుంటుంది. వాషింగ్టన్ స్వరం మారేసరికి 2025 మార్చిలో ఐరోపా కమిషన్ 80,000 కోట్ల యూరోల దాకా రక్షణ ఖర్చు కూడగట్టే ప్రణాళిక పెట్టింది. అదే ఏడాది జూన్‌లో హేగ్ సమావేశంలో నాటో దేశాలు 2035 నాటికి జాతీయోత్పత్తిలో 5 శాతం రక్షణకు, దాని అనుబంధ పనులకు పెడతామన్నాయి. కానీ 2020–24 మధ్య ఐరోపాలోని నాటో దేశాలు బయటి నుంచి కొన్న ఆయుధాల్లో 64 శాతం అమెరికావేనని స్టాక్‌హోం పరిశోధన సంస్థ సిప్రి లెక్క. స్నేహితుడి మీద ఆధారపడకూడదని స్నేహితుడి అంగడిలోనే సరుకు కొనడం!

పోలిక ఇంతకన్నా లాగకూడదు. ఐరోపాకు సొంత కార్ఖానాలు, బ్యాంకులు, ఓటేసే జనం ఉన్నారు. నిజాం అలీకి ఆ మూడూ లేవు. ఎక్కడో జరిగే యుద్ధం ఇంటి తలుపు తట్టడం మాత్రం మన ఊళ్లకు బాగా తెలుసు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు, అక్కడ పనికి వెళ్లిన తమవాళ్ల కోసం రేడియో పక్కనుంచి కదలని ఇళ్లు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టూ తక్కువేమీ కాదు.

ఖర్డా నుంచి తిరిగి వచ్చిన నిజాం మొదట చేసిన పని, పోరాటానికి రాని ఆ రెండు కంపెనీ పటాలాలను వెళ్లిపొమ్మనడం. రెండో పని, రేమండ్‌కు పగ్గాలు వదలడం. అంతలోనే ఇంట్లో నిప్పు అంటుకుంది. 1795 వేసవిలో కొడుకు అలీ జా తిరగబడి బీదరు చేరాడు. నిజాం కంగారుపడి పంపేసిన పటాలాలను మళ్లీ రమ్మన్నాడు. కానీ పని పూర్తి చేసింది రేమండే. అలీ జాను పట్టుకుని తెస్తుండగా దారిలో అతను విషం తాగి చనిపోయాడు.

దాంతో రేమండ్ దశ తిరిగింది. గాస్కనీలో పుట్టి, వర్తకం కోసం ఈ దేశానికి వచ్చి, మైసూరు మీదుగా హైదరాబాద్ చేరిన మనిషి రెండేళ్లలో సుమారు 14 వేల మందికి నాయకుడయ్యాడు. హైదరాబాద్‌లో ఇప్పటికీ గన్‌ఫౌండ్రీ అని పిలిచే చోట ఫిరంగులు పోయించాడు. సిపాయిలకు వేళకు జీతమిచ్చేవాడని పేరు. ముసల్మానులు మూసా రహీం అన్నారని, హిందువులు మూసా రాముడన్నారని చెబుతారు. మూసారాంబాగ్ ఆ పేరే.

ఆ వేళకిచ్చే జీతం ఎక్కడిది? నిజాం ఖజానా నుంచి కాదు. కొన్ని తాలూకాల శిస్తునే నేరుగా రేమండ్‌కు రాసిచ్చారు. సిరిసిల్లకు పొరుగున ఉన్న మెదక్ సీమ అందులో ఉంది. శిస్తు రాసిచ్చిన చోట వసూలు చేసేవాడూ, ఖర్చు పెట్టేవాడూ ఒకడే. రైతు ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి? రాసివ్వని సర్కార్లలో కౌలుదారులు వేలం పాడి, పాడిన దానికి పైన మిగిలింది తాము తిన్నారు. చెరువు కింద నాటు వేసినవాడు, మగ్గం మీద కూర్చున్నవాడు ఇద్దరూ కట్టారు. భూమికి శిస్తు, మగ్గానికి మొహతర్ఫా. ఖర్డా ఖర్చును చరిత్ర పుస్తకాలు పూనాకు కట్టిన కోట్లతోనే లెక్కిస్తాయి. ఈ రెండో పద్దు ఎవరూ కూడలేదు.

ఇక కంపెనీ సంగతి. నిజాం కష్టంలో ఉంటే తటస్థంగా ఉన్న కలకత్తాకు, నిజాం తన కాళ్ల మీద నిలబడబోతే నిద్ర పట్టలేదు. రేమండ్ పటాలాల్లో కొన్ని కడప, కంభం వైపు, అంటే కంపెనీ సరిహద్దు దగ్గర దిగాయి. ఆ పటాలాల మీద విప్లవ ఫ్రాన్స్ మూడు రంగుల జెండా ఎగురుతోందని, సిపాయిల గుండీల మీద స్వేచ్ఛ టోపీ గుర్తు ఉందని హైదరాబాద్‌లోని కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, ఉత్తరాలు రాశాడు. గుండీల దాకా పోయిందంటే భయం ఎంతో ఊహించుకోవచ్చు.

ఆ భయం పూర్తిగా కల్పన కాదు. రేమండ్ తన దేశాన్ని ప్రేమించేవాడు, టిపూతో ఉత్తరాలు నడిచాయన్న అనుమానమూ ఉంది. నిజాం తనది అనుకున్న సేన సగం పారిస్ వైపు చూస్తోంది. స్వావలంబన అని నిజాం అలీ కట్టుకున్నది పూర్తిగా స్వంతం ఎప్పుడూ కాలేదు. సిపాయిలు తన మనుషులే. ఆజ్ఞ ఇచ్చే భాష తనది కాదు. రేమండ్ తర్వాత ఎవరు అనే ప్రశ్నకు హైదరాబాద్‌లో జవాబు లేదు. ఒక్క దేశీయ అధికారినైనా ఆ స్థాయికి పెంచి ఉంటే కథ మారేదా అంటే, నా మటుకు మారేదనే అనుకుంటాను. మరాఠాలూ ఆ పని చేయలేదు. 1803లో పెరాన్ ఇంగ్లీషువాళ్లకు లొంగిపోయి సింధియాను నడిమధ్యలో వదిలేశాడు.

1798 అన్ని ముడులూ ఒకేసారి బిగించింది. మార్చి 25న రేమండ్ చనిపోయాడు. ఆ స్థానంలోకి పిరాన్ అనే మరో ఫ్రెంచివాడు వచ్చాడు (ఖర్డాలో ఎదురు నిలిచిన పెరాన్ వేరు, ఈ పిరాన్ వేరు). మేలో కొత్త గవర్నర్ జనరల్ వెల్లస్లీ కలకత్తాలో దిగాడు. షోర్‌కు పూర్తిగా వ్యతిరేకం. తటస్థం అనే మాటే గిట్టనివాడు. జూలైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. పూనా బందీ నుంచి అంతకుముందే తిరిగి వచ్చిన ముషీర్-ఉల్-ముల్క్ ఇంగ్లీషు పక్షం మనిషి. కొత్త రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్‌తో మంతనాలు సాగాయి.

సెప్టెంబరు 1న సంధి. కంపెనీ సేన ఆరు పటాలాలకు, 6,000 మందికి పెరుగుతుంది. నిజాం ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి. ఫ్రెంచి అధికారులను తీసేసి కంపెనీకి అప్పగించాలి. మరి మరాఠాలు మళ్లీ వస్తే? తగవు వస్తే కంపెనీ మధ్యవర్తిగా తీర్పు చెబుతుంది. ఖర్డా నాటి ఖాళీని పూరించిన తీరు అది. నిజాం ఇకమీదట ఎవరితో పేచీ పడాలో కూడా కంపెనీయే తేల్చే స్థితి.

సంతకం పెట్టాక నిజాంకు మనసు ఊగింది. అక్టోబరులో కంపెనీ పటాలాలు హైదరాబాద్ చేరాక కూడా గోల్కొండ కోటలోకి వెళ్లి కూర్చుని, ఫ్రెంచి సేన రద్దు ఫర్మానా ఆలస్యం చేశాడు. కిర్క్‌ప్యాట్రిక్ బెదిరించాక ఇచ్చాడు. ఫర్మానా వెళ్లగానే పిరాన్ సిపాయిలు తిరగబడ్డారు. కంపెనీ మీద కాదు, పాత జీతాల బకాయి కోసం సొంత ఫ్రెంచి అధికారుల మీద! వాళ్లను పట్టి నిర్బంధించారు. మాట్లాడి సర్దుబాటు చేయడానికి వెళ్లిన యువ అధికారి జాన్ మాల్కంను కూడా గుంపు చుట్టుముట్టింది. ఒకప్పుడు కంపెనీలో మాల్కం కిందే పనిచేసి, తర్వాత ఇటు చేరిన సిపాయిలు కొందరు గుర్తుపట్టి అతన్ని బయటకు తెచ్చారని మాల్కం జీవితచరిత్ర చెబుతుంది. అక్టోబరు 22న ఆ మకాంను చుట్టుముట్టి బాకీలు ఇప్పిస్తామనగానే వేలాది మంది తుపాకులు కింద పెట్టారు. ఒక్క తుపాకి పేలలేదు. దక్కన్‌లో అందరూ భయపడిన సేన మధ్యాహ్నానికల్లా లేకుండా పోయింది. ఫ్రెంచి అధికారులను ఓడ ఎక్కించారు.

మరుసటి ఏడాది మే 4న శ్రీరంగపట్నం కూలింది. టిపూ చనిపోయాడు. నిజాం సేన మీర్ ఆలం వెంట ఆ ముట్టడిలో ఉంది. నిజాం వాటాకు గుత్తి, గుర్రంకొండ సీమలు వచ్చాయి. హైదరాబాద్‌లో దీపాలు పెట్టారు.

దీపాలు ఆరకముందే కొత్త పత్రం వచ్చింది. 1800 అక్టోబరు 12న మరో సంధి. సేన ఇంకా పెరిగింది, 8,000 కాలిబంట్లు, 1,000 గుర్రాలు. ఏటా డబ్బు కట్టడం కష్టమవుతోందిగా, దానికి బదులు భూమి ఇచ్చేయమన్నారు. 1792లో టిపూ నుంచి వచ్చిందీ, 1799లో వచ్చిందీ కలిపి నిజాం కంపెనీకి రాసిచ్చాడు. బళ్లారి, కడప, అనంతపురం సీమలు దత్త మండలాలయ్యాయి. థామస్ మన్రో కలెక్టరుగా దిగాడు. రెండు యుద్ధాల్లో స్నేహితుడి పక్కన నిలబడి గెలుచుకున్న భూమి, ఆ స్నేహితుడి సేన ఖర్చు కిందే పోయింది.

ఖర్డాలో గెలిచిన మరాఠాలు అడిగింది 35 లక్షల ఆదాయం వచ్చే భూమి. పూనాలో పేష్వా అకస్మాత్తుగా చనిపోయి గద్దె తగాదా రేగడంతో, ఏడాదిన్నర తిరిగేసరికి అందులో చాలా భాగం తిరిగి నిజాంకే వచ్చింది. 1800లో కంపెనీకి పోయిన భూమి ఆదాయం దానికి ఇంచుమించు రెట్టింపు. అందులో ఒక్క ఊరు కూడా తిరిగి రాలేదు.

(సశేషం. వచ్చే భాగంలో పామర్ కంపెనీ వడ్డీ లెక్కలు, చందూలాల్ కౌలుదారులు, 1853లో బేరారు)